బానెట్‌కి కుట్లు వేసిన కేసు

"నేరం చేసి నా కంట పడకుండా తప్పించుకున్నవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా, వాడి చొక్కా కొలతలు నా పుస్తకంలో ఉంటాయి!"

ఈ మాట అన్నవాడు మా దర్జీ. మెడలో టేపు, చెవిమీద సుద్దముక్క, పెదాల మధ్య రెండు గుండుసూదులు. తనకు తానే 'డేగకన్ను' అని బిరుదిచ్చుకున్నాడు. ఆ పేరుతో వాణ్ని పిలిచేది వాడొక్కడే. నేను కూరగాయల బుట్ట దించి వాడి కొట్టు అరుగుమీద కూర్చున్నాను. చిన్ననాటి స్నేహం, వదిలించుకుంటే వదిలేది కాదు.

"ఒరేయ్, లే! మా బావమీద హత్యాయత్నం జరిగింది."

"మీ బావగారు ఇందాకే కనబడ్డారు. అరటిపండు తింటున్నారు."

"తింటున్నవాణ్నే రా చంపాలని చూస్తారు. చచ్చినవాణ్ని ఎవడు చంపుతాడు?"

బుట్ట కొట్టులోపలికి తోసి లేచాను.

జరిగింది ఇది. వాడి బావగారు డ్రైవింగ్ బడి నడుపుతారు. బడికి నాలుగు కార్లు, సొంతానికి ఒకటి. ఆ సొంత కారుకి ముచ్చటపడి కొత్త హెడర్లు కొన్నారు. ఇంజను పక్కనుంచి పొగను సైలెన్సర్‌కి చేరవేసే గొట్టాల గుత్తి అది. అద్దంలా మెరుస్తుంది. వీధి చివరి మెకానిక్ దాన్ని బిగించాడు. రెండు రోజులు కారు గుర్రంలా పరిగెత్తింది. మూడోనాడు కుంటిగుర్రమైంది. ఆగినచోట వణుకు, ఎత్తు ఎక్కమంటే ఏడుపు, ఉన్నట్టుండి వెనకనుంచి ఢామ్మని పేలుడు. నిన్న బావగారు నడివీధిలో నిలబడి, "వీడే నా కారు తగలేశాడు" అని పదిమంది ముందు మెకానిక్‌ని అనేశారు. ఇవాళ సాయంత్రం అయిదులోగా కారు బాగుపడకపోతే బడి కార్లు నాలుగూ వేరే షెడ్డుకి పంపేస్తానన్నారు. మెకానిక్ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ నాలుగు కార్లతోనే.

పాపం, అతను అడిగింది ఒక్కటే. "ఒక్కసారి బానెట్ ఎత్తి చూడనివ్వండి సార్."

అది కుదరలేదు. అప్పటికే మావాడు రంగంలోకి దిగాడు. నిందితుడు సాక్ష్యాన్ని ముట్టుకోకూడదని, బానెట్‌మీద గోనెగుడ్డ పరిచి, బంపరు కిందనుంచి తిప్పి, దబ్బనంతో కుట్టేశాడు. రెండు వరసల కుట్టు.

మేం వెళ్లేసరికి బావగారి వాకిట్లో కారు తలకి కట్టు కట్టించుకున్న రోగిలా ఉంది. మెకానిక్ గేటు దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

దర్జీ సుద్దముక్కతో నేలమీద గీత గీశాడు. "ఇది దాటావో, ఖబడ్దార్!"

"ఇంత దూరంలో నిలబడి బండి ఎలా బాగుచెయ్యమంటారండీ?"

"బాగుచెయ్యడం తర్వాత. ముందు దోషి ఎవరో తేలాలి."

"బాగుచేస్తే అదే తేలుతుంది కదండీ."

"చూశావురా ఎంత తెలివిగా మాట్లాడుతున్నాడో! అమాయకుడికి ఇంత తెలివి ఉంటుందా?"

నేను నోరెత్తితే నాకూ ఒక గీత గీస్తాడు.

పరిశోధన మొదలైంది. ముందు టైరు చుట్టూ టేపు వేశాడు. తర్వాత వెనక టైరుకి. రెండు కొలతలూ ఒకటే వచ్చాయి. "కవలలు. ముందే మాట కలుపుకుని ఉంటారు" అని పుస్తకంలో రాసుకున్నాడు. సైలెన్సర్ గొట్టంలో ముక్కు పెట్టి వాసన చూశాడు. లేచేసరికి ముక్కుకి నల్లటి ఉంగరం.

"మసి! లోపల ఎవరో నిప్పు పెట్టారు!"

"అది ఇంజనండీ. నిప్పు పెట్టకపోతే నడవదు" అన్నాడు మెకానిక్.

బావగారు గడియారం చూసుకున్నారు. "ఒరేయ్, నాలుగు దాటింది. నువ్వు తేల్చేదేమైనా ఉందా, లేదా?"

"ఆఖరి ఘట్టం బావా! బానెట్ తెరుస్తున్నాను."

తన కుట్టు తనే విప్పుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో నావైపు తిరిగి, "కుట్టు ఎలా ఉందిరా?" అన్నాడు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

బానెట్ లేచింది. గొట్టాలు తళుక్కుమన్నాయి. బావగారు స్టార్ట్ చేశారు. కారు చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలెట్టింది.

"ఇప్పుడు వేలిముద్రలు!" అని దర్జీ గుప్పెడు సుద్దపొడి ఇంజనుమీద చల్లాడు. ఫ్యాను దాన్ని తిప్పి వాడి మొహానే కొట్టింది. ఒక తుమ్ము, వెంటనే ఇంకొకటి. మూడో తుమ్ముకి కాలు జారింది. ఆసరాకి చేతికందింది పట్టుకున్నాడు.

"అమ్మోయ్! ఇంజను కరిచిందిరోయ్!"

చూద్దును కదా, వాడు నేలమీద చతికిలబడి ఉన్నాడు. చేతిలో ఊడొచ్చిన వైరు. జుట్టంతా తెల్లగా, పదేళ్లు పెద్దవాడైపోయాడు. వాడి అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. బావగారు కారులోంచి దూకారు. మెకానిక్ ఒక్కడే కదల్లేదు. తల వంచి వింటున్నాడు.

"వైరు ఊడింది. చప్పుడు మాత్రం మారలేదు" అన్నాడు మెల్లగా.

"అయితే ఏమిటయ్యా?" అన్నారు బావగారు.

"అది ప్లగ్గు వైరండీ. ఉన్నా ఊడినా ఇంజనుకి తేడా తెలియడంలేదంటే, ఆ సిలిండరు ముందే చచ్చిందన్నమాట. నలుగురు మోసే బరువు ముగ్గురు మోస్తున్నారు."

"చచ్చిందా!" దర్జీ కూర్చున్నచోటే ఎగిరాడు. "హత్య అని నేను ముందే చెప్పానా, లేదా?"

మెకానిక్ గీత దాటాడు. ఇంజను ఆపించి, వైరు అందుకుని తిరగేసి చూపించాడు. హెడరు గొట్టానికి ఆనిన చోట పైతొడుగు కాలి బొగ్గయింది. నిప్పురవ్వ ప్లగ్గు దాకా పోకుండా దారిలోనే గొట్టంలోకి దిగిపోతోందట. మండని పెట్రోలు వెనక్కిపోయి ఢామ్మంటోందట. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"ఇక్కడ రేకుండాలే! వైరుకి వేడి తగలకుండా నా చేతులతో వంచి బిగించాను. రేకేది?"

"రేకు దొంగతనం! ఒకే కారులో రెండు నేరాలు!" అంటూ దర్జీ టేపు తీశాడు.

బావగారు తన చెప్పుల వంక చూసుకుంటున్నారు.

"ఆ వంపు రేకా?" అంది అక్క. "వంటింట్లో ఉంది. మీ బావే విప్పి తెచ్చారు. దానిమీద వేడి గిన్నెలు దించుకుంటున్నాను."

అందరి చూపూ బావగారిమీదకి తిరిగింది.

"అది కాదే," అన్నారు బావగారు, "అంత మెరిసేదాన్ని కొనుక్కుని రేకు కింద దాచుకుంటానా? వచ్చినవాళ్లకి బానెట్ ఎత్తి చూపించుకోవద్దూ?"

మెకానిక్ షెడ్డుకి వెళ్లి కొత్త వైరు తెచ్చాడు. అక్క రేకు తెచ్చింది. దానినిండా గిన్నె అడుగుల గుండ్రటి మరకలు. బోల్టులు బిగిశాయి. కారు కడుపునిండిన పిల్లిలా గురగురమంది. అయిదుకి ఇంకా పది నిమిషాలుంది.

"రేపు పొద్దున్నే నాలుగు కార్లూ నీ షెడ్డుకే వస్తాయి" అన్నారు బావగారు.

"సంతోషం సార్. నిన్న వీధిలో అన్నమాట కూడా వీధిలోనే వెనక్కి తీసుకుంటే..."

బావగారు గేటు దాకా నడిచి, గొంతు సవరించుకుని, "తప్పు నాదే" అన్నారు. అది గేటుకి మాత్రమే వినబడింది.

"గట్టిగా చెప్పండి!" అంది అక్క. "నిన్న ఇంతకు పదింతలు అరిచారు."

"తప్పు నాదే! మెకానిక్ పని బంగారం!"

ఎదురింటి కిటికీలు రెండు తెరుచుకున్నాయి. దారినపోయేవాళ్లు నలుగురు గేటు దగ్గర మూగి చప్పట్లు కొట్టారు. మెకానిక్ చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూగినవాళ్లందరికీ ఆ చప్పట్లు తనకే అనిపించేలా దర్జీ చెయ్యి ఊపాడు. "అనుమానమున్న వైరు పీకాలి. చప్పుడు మారకపోతే అదే దోషి. ఇది డేగకన్ను సొంత పద్ధతి!"

"మేమూ అలాగే పీకి చూస్తామండీ," అన్నాడు మెకానిక్ వినయంగా. "కాకపోతే మేం నిలబడి పీకుతాం."