హెడ్‌లైట్లకు కట్టు

ఆదివారం పొద్దున హేమనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తిరువళ్ళూరులో స్టీలు పాత్రల వ్యాపారం చేసే మామ తణికాచలం పాండూరులో పెళ్ళికి పోయాడు. మధ్యాహ్నానికి గాని రాడు. ఆలోగా ఆయన కొత్త కారును శ్రీపెరుంబుదూరు వైపున్న రేసు ట్రాక్ మీద నాలుగు చుట్లు తిప్పి, తెచ్చి షెడ్డులో పెట్టేయాలి. హేమనాథ్ ట్రాక్ ఎక్కడం ఇదే మొదలు. మామకు తెలిస్తే అదే ఆఖరు. "అరవై దాటించినావని తెలిసిందా, తాళం మళ్ళా కంటితో చూడవు" అని ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

కొత్తవాళ్ళకు ట్రాక్ నిర్వాహకుడు దేవేంద్రన్ పంపిన సూచనలన్నీ హేమనాథ్ పొల్లుపోకుండా పాటించాడు. అద్దం పగిలినా ముక్కలు రాలకుండా హెడ్‌లైట్లకు అడ్డంగా, నిలువుగా టేపు అంటించాడు. తలుపు మీద ఇరవై ఏడు అంకె అతికించాడు. బండిలో కదిలే వస్తువేదీ ఉండకూడదన్నారు కదా అని మురుగన్ బొమ్మను సైతం తీసి అరుగు మీద పెట్టాడు.

సరిగ్గా అప్పుడే మామ, అత్త ఇంద్రాణి ఆటో దిగారు. పాండూరులో తాళి తెల్లవారకముందే కట్టేశారట.

"సామిని బండిలోనుంచి దించేసినారే! ఎవురికి ఏమైంది?" అంటూ అత్త అరుగు దగ్గరికి పరుగెత్తింది.

మామ హెడ్‌లైట్ల ముందు కూలబడ్డాడు. "కండ్లకు కట్టు కట్టినారే! యాడ గుద్దినావు మాప్ళే?" అని అల్లుణ్ణి అడిగాడు.

రేసు అంటే తాళం పోతుంది. దెబ్బ అంటే తిట్లతో పోతుంది. హేమనాథ్ తేల్చుకున్నాడు.

"కనకమ్మ సత్రం కాడ మామా... మేక అడ్డమొచ్చింది. చిన్న దెబ్బే."

"చిన్న దెబ్బకా పోలీసోళ్ళు తలుపు మీద నెంబరేసింది?"

పోలీసుల మాట వినగానే అత్త చేతులెత్తి మొక్కింది. "నా బిడ్డ తాళి గట్టిది! తణిగ మురుగా, అల్లుని ప్రాణం దక్కించినావు. ఈ పొద్దే నీ కొండ మీద మొట్ట కొట్టిస్తా!"

హేమనాథ్ చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది. సంగతంతా తెలిసిన భార్య జనని వైపు దీనంగా చూశాడు.

"ఎండలు ముదురుతుండాయి. గుండు సల్లగుంటుంది, పదండి," అందామె.

ట్రాక్ ఒక దిక్కు, తిరుత్తణి ఒక దిక్కు. మామ నలభై దాటకుండా నడిపాడు. అత్త దారి పొడుగునా చుట్టాలకు ఫోన్లు చేసింది. ఊరు దాటేసరికి మేక ఎద్దయింది. కనకమ్మ సత్రం వచ్చేసరికి ఎద్దు లారీ అయింది. కొండ మీద అత్త అన్న దండపాణి కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చి, నడుస్తున్న హేమనాథ్‌ను చూసి జడుసుకున్నాడు.

"ఆస్పత్రిలో ఉండాడంటిరే! బ్రెడ్డు గూడా తెచ్చినానే!"

"ఇట్లియ్యి మామా, ఆకలిగా ఉంది," అంది జనని.

నిజం చెప్పేయాలని హేమనాథ్ కత్తి నెత్తిన పెట్టేదాకా అనుకుంటూనే ఉన్నాడు. పెట్టాక కదలడం క్షేమం కాదు.

కొండ దిగుతుండగా, బండికి కలిపి ఉన్న అతని ఫోను మోగింది. దేవేంద్రన్ గొంతు స్పీకర్లన్నిటిలోనూ పలికింది. "యాడుండారు సార్? ఇరవై ఏడో నెంబరు మీదే గదా? రేసు ట్రాక్ మీద మధ్యాహ్నం బ్యాచ్‌లో చోటుంది, వస్తారా?"

మామ బండి పక్కకు తీసి ఆపాడు. హేమనాథ్ గంధం పూసిన తల వంచుకొని అంతా చెప్పేశాడు.

"అయితే మేక?"

"లేదు మామా."

"పోలీసోళ్ళు?"

"లేరు."

మామ దిగి టేపు పీకాడు. అద్దం మీద గోటి గీతైనా లేదు. ఆయన పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలాడు. తర్వాతే కోపం గుర్తొచ్చి, తాళం జేబులో వేసుకోబోయాడు.

"ఆగండి," అంది అత్త. "తగలని దెబ్బకు మొక్కు తీర్చినాం. ఆ జుట్టు ఊరికే పోవాల్నా? సామికి ముందే చెల్లించేసినాం గాబట్టి ఈ పొద్దు ఈ బండికి ఏమీ కాదు. పోయి తిప్పమనండి."

తణికాచలం వ్యాపారస్థుడు. ముందే చెల్లించిన సరుకును కొట్లోనే వదిలి రావడం ఆయన వల్ల కాదు. తాళం అల్లుడి చేతిలో పెట్టాడు. "కానీ పక్కన నేనుంటా," అన్నాడు.

హేమనాథ్‌కు కొండంత బరువు దిగింది. మధ్యాహ్నం మామా అల్లుళ్ళు హెల్మెట్లు పెట్టుకొని ట్రాక్ ఎక్కారు.

ప్రతి మలుపులోనూ మామ పక్కనుంచి చెయ్యి చాచి హారన్ కొట్టిన బండిని దేవేంద్రన్ ఆ రోజే మొదటిసారి చూశాడు.