వార్డెనమ్మ విడదీసిన చేపలు

ఆ శనివారం పొద్దున ఎజ్రా వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. మధ్యాహ్నం దాకా ఆఫీసు, ఇంటికొచ్చి భోజనం, ఎండ తగ్గాక ఆఫీసరు బసవేశ్వరరావు గారు అప్పగించిన చేపల గాజు తొట్టెను రిక్షాలో పెట్టుకుని ఆయన ఇంటికి చేర్చడం. తమ్ముడి కూతురి పెళ్లికని బాపట్ల వెళ్లిన ఆయన సాయంత్రం బండికి తెనాలిలో దిగుతారు. ఆయన తాళం తీసేసరికి ఎజ్రా తొట్టెతో సహా గుమ్మంలో నిలబడి ఉండాలి.

తొట్టెలో ఉన్నవి టైగర్ బార్బులు. బొటనవేలంత బంగారు రంగు చేపలు, ఒంటిమీద నల్లటి పట్టీలు. ఆయన మద్రాసు నుంచి తెప్పించుకున్నారు. అవి ఒకచోట నిలిచే రకం కాదు. ఒకటి మలుపు తిరిగితే అన్నీ తిరుగుతాయి, ఒకదాని తోక ఇంకోటి కొరుకుతూ పొద్దస్తమానం తరుముకుంటాయి. ఆయనకు పిల్లలు లేరు, చేపలున్నాయి. చిటికెడు మేత వెయ్యి, నీళ్లలో చెయ్యి పెట్టకు అని చెప్పి వెళ్లారు. ఇంకేం చేయకూడదో చెప్పలేదు, చేస్తారని ఆయనకు తోచలేదు గనక.

ఇంత వినయం ఎందుకంటే, రేపల్లె ఆఫీసుకు ఒక గుమాస్తాను పంపాలి. ఆ కాగితం మీద ఎజ్రా పేరు టైపు చేసి ఉంది, ఇంకా సంతకం పడలేదు. రేపల్లె మా ఊరే, నన్ను పంపండి మహాప్రభో అని పాండురంగారావు అనే గుమాస్తా కాళ్లావేళ్లా పడుతున్నాడు. అడిగినవాడికి అడిగిన ఊరిస్తే ఆఫీసుకు విలువుండదని బసవేశ్వరరావు గారి సిద్ధాంతం. "నీకేమయ్యా, అత్తగారి ఊరు. అద్దె కూడా ఉండదు" అని ఎజ్రా భుజం తట్టారు.

ఎజ్రాకు భయం ఆ అద్దె లేని ఇల్లంటేనే. భార్య పుష్పలత తెనాలిలో టీచరు, ఆమె బడి వదిలి రాలేదు. ఆమె ఎదురుగా లేకపోతే ఎజ్రాకు ముద్ద దిగదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ సంగతి ఆమెతో అనలేదు, బతిమాలినట్టుంటుందని. ఇక రేపల్లెలో అత్తగారు సామ్రాజ్యమ్మ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. రిటైరైంది ఉద్యోగం నుంచే, స్వభావం నుంచి కాదు. ఆమె ఇంట్లో ఇప్పటికీ గంట కొట్టాకే భోజనం, తినేది ఆమె ఒక్కతే అయినా.

ఆ సామ్రాజ్యమ్మ ఆ పొద్దున్నే, కూతురూ అల్లుడూ పనులకు వెళ్లాక, రేపల్లె బండి దిగి ఎవరికీ చెప్పకుండా వచ్చింది. పక్కింటి అమీనా బీ దగ్గర తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం ఎజ్రా వచ్చేసరికి పెరట్లో చేపల తొట్టె బోర్లించి ఉంది. బూడిదతో తోమినట్టు తళతళలాడుతూ ఎండుతోంది.

"ఎప్పుడొచ్చారు అత్తయ్యా?" అన్నాడు, అడగవలసింది అది కాకపోయినా.

"పొద్దున బండికి. చెప్పులు వరసలో పెట్టు బాబూ."

"చేపలేవండి?"

"ఏ చేపకాచేప ఉంది."

వంటింటి గట్టు మీద హార్లిక్స్ సీసాలో ఒకటి, పచ్చడి జాడీలో ఒకటి, ఇత్తడి చెంబులో ఒకటి, కిటికీలో గాజు గ్లాసులో ఒకటి. చెంబు మీద చిల్లుల పళ్లెం మూత కూడా పెట్టింది.

"ఒకదాన్నొకటి కొరుక్కు తింటున్నాయి. ఎవరూ చూడరా ఈ ఇంట్లో?" అంది సామ్రాజ్యమ్మ. "హాస్టల్లో పిల్లలు జుట్లు పట్టుకుంటే నేనేం చేసేదాన్ని? ముందు విడదీయడం, తర్వాత విచారించడం. ఆ చెంబులో ఉంది చూశావా, అదే వీటన్నిటికీ నాయకురాలు. అందుకే మూత."

ఎజ్రా చెంబులోకి వంగి చూశాడు. చేప అడుక్కి చేరి కదలకుండా ఉంది. బంగారు రంగు పోయి పాలిపోయింది, నల్ల పట్టీలు వెలిసిపోయాయి. మేత వేస్తే తల తిప్పలేదు. జాడీలోదీ అంతే, సీసాలోదీ అంతే.

"వీటికేదో జబ్బు చేసిందండి."

"జబ్బు కాదు, పశ్చాత్తాపం. సాయంత్రానికి దారికొస్తాయి."

అతను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఏడు ఉండాలి, నాలుగే ఉన్నాయి.

"ఇంట్లో గిన్నెలు చాల్లేదు. ఒకటి ఎదురింటి రత్నం తీసుకెళ్లింది, రెండు అమీనా బీకి ఇచ్చాను. మంచి మనుషులు, అడగ్గానే పెట్టుకున్నారు."

ఎజ్రా అన్నం మాట మర్చిపోయి పరుగెత్తాడు. రత్నం ఇంటి నుంచి గంజి గిన్నెలో ఒకటి వచ్చింది. అమీనా బీ నవ్వుతూ ఒక సీసా చేతికిచ్చి, "రెండోది మా ఆయన షాపుకు తీసుకెళ్లాడు తమ్ముడూ. పాపం దిగులుగా ఉంది, నలుగురి మధ్య ఉంటే హుషారొస్తుందని" అంది. ఆ వీధి మొత్తం మీద చేప మనసు కనిపెట్టింది ఆమె భర్త మహమూద్ ఒక్కడే. కాకపోతే అతని సైకిల్ షాపు స్టేషన్ ఎదురుగా ఉంది.

బాపట్ల బండి దిగిన మనిషి ఎవరైనా ఆ షాపు ముందు నుంచే వెళ్లాలి. పైగా బసవేశ్వరరావు గారు తన లూనా మోపెడ్‌ను పెట్టి వెళ్లింది ఆ షాపులోనే.

"సాయంత్రం దాకా రారులెండి" అంది అప్పుడే బడి నుంచి వచ్చిన పుష్పలత. "ముందు వీటిని తొట్టెలో కలిపేద్దాం. మీరు షాపుకెళ్లి దాన్ని తెచ్చెయ్యండి. పాత నీళ్లు ఏం చేశావమ్మా?"

"బకెట్లో ఉన్నాయి. కరివేపాకు చెట్టుకు పోద్దామని దాచాను."

ఆ ఒక్క పిసినారితనానికి ఎజ్రా మనసులో దణ్ణం పెట్టాడు. ముగ్గురూ తొట్టెను వరండాలోకి చేర్చి నీళ్లు పోశారు. పోసిన నీళ్లు పోసినట్టే కింది నుంచి బయటికొచ్చాయి. ఎండకు అంచుల పుట్టీ నెర్రెలు విచ్చింది. అతను ఒక మూల అరచేత్తో నొక్కితే ఇంకో మూల కారింది. పుష్పలత కొంగుతో ఆ మూల నొక్కింది. మూడో మూలకు సామ్రాజ్యమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "నాసిరకం సరుకు" అంది.

వరండా మెట్ల మీద నుంచి నీళ్లు వీధిలోకి పారుతుండగా లూనా వచ్చి ఆగింది. పెళ్లి భోజనం కాగానే ముందు బండి పట్టుకున్న బసవేశ్వరరావు గారు దిగారు. కళ్లలో పెళ్లి నిద్రలేమి, మెడకు ఇంకా గంధం, గుండెలకు హత్తుకున్న చేతిలో మహమూద్ షాపు సీసా. సీసాలో పాలిపోయిన చేప.

"సైకిల్ షాపులో, పంక్చర్ అతికే జిగురు డబ్బా పక్కన, ఇది కనిపించిందయ్యా. మిగతావేవి?"

ఎజ్రా వంగి మూల నొక్కుతూనే ఉన్నాడు. చెయ్యి తీస్తే నీళ్లు పోతాయి, తీయకపోతే లేచి నమస్కారం పెట్టలేడు. కాగితం మీద సంతకం పడిపోయినట్టే కనిపించింది అతనికి.

"అతన్నేమీ అనకండి. విడదీసింది నేను" అంది సామ్రాజ్యమ్మ. "కొట్టుకుంటున్నాయండి అవి."

"అది కొట్టుకోవడం కాదమ్మా, వాటి కాపురం." అన్నారాయన సీసా ఎత్తి చూపిస్తూ. "ఇవి గుంపులో బతికే జీవాలు. ఒక్కదాన్ని తీసి విడిగా పెడితే తిండి మానేస్తుంది, రంగు పోతుంది, బెంగతో చస్తుంది. నోరులేని వాటినిలా వేరుచేయడానికి మనసెలా వచ్చింది?"

సామ్రాజ్యమ్మ తప్పు ఒప్పుకునే మనిషి కాదు గానీ, వినే మనిషి.

"అలాగాండి. నాకు తెలియదు. మరి మా అల్లుణ్ని ఒక్కణ్నే రేపల్లె పంపుతున్నారంట, మా అమ్మాయి ఇక్కడంట. అతను తింటాడాండి?"

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. బసవేశ్వరరావు గారు ఎజ్రా వైపు చూశారు. అన్నం తినని ముఖం, రంగుపోయిన చొక్కా, తడి మూలకు అదిమిన చెయ్యి.

"తిననండి" అన్నాడు ఎజ్రా. ఆఫీసరుకు చెప్పిన మాటే అయినా, విని తల వంచుకున్నది పుష్పలత.

తొట్టె సంగతి వదిలేసి పెళ్లినాటి గంగాళంలో బకెట్లో మిగిలిన పాత నీళ్లు పోశారు. సీసాలూ జాడీ చెంబూ ఒక్కొక్కటే అందులో వంచారు. చేపలు అడుగున పడి ఉన్నాయి. చాలాసేపటికి చెంబులోని నాయకురాలు కదిలి పక్కదాని తోక కొరికింది. అది ఉలిక్కిపడి పరుగెత్తింది, దాని వెనక ఇంకోటి. చీకటి పడేలోగా గంగాళమంతా గిరగిరా తిరుగుతున్నాయి, పట్టీలు ఒక్కొక్కటిగా నల్లబడుతున్నాయి. బసవేశ్వరరావు గారు మెట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకుని, కాఫీ అడిగారు.

సోమవారం రేపల్లె కాగితం మీద సంతకం పడింది. పేరు మాత్రం పాండురంగారావుది. ఎజ్రా ఆ సాయంత్రం బజార్లో మల్లెపూలు కొని, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

ఇంటిముందు రెండు రిక్షాలున్నాయి. ఒకదాన్నుంచి ఇనప ట్రంకుపెట్టె, నవారు మంచం దిగుతున్నాయి. రెండోదాంట్లో సామ్రాజ్యమ్మ ఒళ్లో ఇత్తడి గంట పెట్టుకుని కూర్చుని ఉంది.

"మీ సారు చెప్పినప్పటి నుంచీ ఆలోచిస్తున్నా బాబూ" అంది దిగుతూ. ఆ గొంతులో వార్డెను లేదు. "గంట కొట్టుకుని ఒక్కదాన్నే తింటుంటే నాకూ అన్నం సయించట్లేదు. ఇన్నాళ్లూ వయసనుకున్నా."

ఎజ్రాకు జాలి నిజంగానే వేసింది, దాని వెనకే భయమూ వేసింది. మల్లెపూల పొట్లం జేబులో పెట్టుకుని ట్రంకుపెట్టె అందుకున్నాడు.

ఎజ్రాకు రేపల్లె బదిలీ రద్దయింది, రేపల్లే అతని ఇంటికి బదిలీ అయి వచ్చింది.