ఇరవై నాలుగుని తీసెయ్యండి

ఆ సోమవారం స్టాన్ క్రూపా మెడకు టై బిగించుకుని మరీ బస్సుల షెడ్డుకు వచ్చాడు. హార్లన్ బే ఊళ్లోని స్కూలు బస్సులన్నిటికీ వైర్‌లెస్ మైకులో దారి చెప్పే డిస్పాచర్ పని ప్రస్తుతానికి అతనిది. తొమ్మిదింటికి మేనేజరు మిసెస్ ఫైఫర్ వచ్చి, ఖాళీగా ఉన్న పెద్ద డిస్పాచర్ పదవి ఎవరిదో చెబుతుంది. అది దక్కకపోతే మళ్లీ స్టీరింగే గతి. సరస్సు మీదనుంచి కొట్టే మంచుగాలిలో, చీకటితో లేచి, పరాయి పిల్లల అరుపులు వింటూ బస్సు తోలడమంటే అతనికి ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది.

ఆ ఉదయం అతను చేయాల్సిందల్లా బస్సుల్ని పంపించి, మేడమ్ వచ్చేదాకా నోరు మూసుకోవడం. కానీ ముందురోజే ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టర్జన్స్ ఓడిపోయింది. జట్టు ఓడిన మర్నాడు నోరు మూసుకునేవాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

ఓటమికి కారణం కార్నర్‌బ్యాక్ ప్రూయిట్ అని ఊరంతా తేల్చేసింది. అవతలి ఆటగాడు బంతి అందుకోవడానికి పరుగెడుతుంటే వాణ్ణి నీడలా అంటిపెట్టుకోవడమే కార్నర్‌బ్యాక్ పని. నిన్న ప్రూయిట్ ఎవర్నీ అంటిపెట్టుకోలేదు, మర్యాదగా అందరికీ దారిచ్చాడు. అతని చొక్కా మీది నంబరు ఇరవై నాలుగు. ఇక స్టాన్ సంగతంటారా, జన్మలో బంతి పట్టి ఎరగడు, మూడు మెట్లెక్కితే ఆయాసం. అందుకే ఇతరుల కాళ్ల గురించి అంత ధీమాగా మాట్లాడగలడు.

మెకానిక్ లూతర్ డోనట్ల పెట్టె తెచ్చాడు. స్టాన్ ఒకటి నోట్లో కుక్కుకుని, పెట్టెను బల్లమీద పడేశాడు. అది సరిగ్గా మైకు మీట మీద కూర్చుంది. మీట నొక్కుకుపోయి, షెడ్డులో మాటలన్నీ బస్సులన్నిటిలో వినపడసాగాయి. ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

"ఇరవై నాలుగుని తీసెయ్యాలి లూతర్! కాళ్లు కదలవు వాడికి. పక్కనుంచి ఎవడు దూసుకుపోయినా గుడ్లప్పగించి చూస్తుంటాడు."

"అంతా వాడి మీదకే తోస్తే ఎలాగోయ్? వెనకాల సాయం లేకుండా ఒంటరిగా వదిలేస్తే ఎవడైనా అంతే."

"సాయమా? వాడికి కావలసింది చక్రాల కుర్చీ! మిగతావాళ్లు చెమటోడుస్తుంటే, అందరికంటే ఎక్కువ డబ్బు పుచ్చుకునేది వీడు. సిగ్గుండక్కర్లా?"

ఆ వైర్‌లెస్‌లో డ్రైవర్లను పేరు పెట్టి పిలవకూడదు, బస్సు నంబరే పిలవాలి. అది షెడ్డు కట్టుబాటు. ఇరవై నాలుగో నంబరు బస్సు అంబ్రోజ్ టాలివర్‌ది. బండికి ఏనాడూ గీత పడనివ్వని పెద్దమనిషి. నెమ్మదిగా తోలతాడు, ఎవరు దాటిపోయినా పోనిస్తాడు. స్టాన్ అన్న ప్రతి ముక్కా కొలిచి కుట్టినట్టు అతనికి సరిపోయింది. వెనక సీట్లో ఒక పిల్ల మెల్లిగా అడిగింది.

"తాతా, నిన్ను తీసేస్తారా?"

"కూర్చోమ్మా," అన్నాడు అంబ్రోజ్. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మిగతా డ్రైవర్లకు తిట్లు పట్టలేదు, డబ్బు మాట పట్టింది. తొమ్మిదో నంబరు బస్సు నడిపే కాన్‌చెటా, సిగ్నల్ దగ్గర ఆగిన పక్క బస్సువైపు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"విన్నావా? ఆ ముసలాయనకి మనందరికంటే ఎక్కువంట! నేను పెంచమంటే ఖజానా ఖాళీ అన్నారు!"

ఈలోగా నది మీది ఎత్తుడు వంతెన పడవకోసం లేచి, అలాగే బిగుసుకుపోయింది. బస్సులన్నీ షెడ్డును పిలిచాయి. మీట అక్కడ నొక్కుకుని ఉండగా ఇక్కడివాళ్ల గొంతు ఎలా చేరుతుంది? వాళ్లకు తిరిగి వినపడింది ఇరవై నాలుగో నంబరు మోకాళ్ల మీద ఉపన్యాసమే. చివరికి అంబ్రోజ్ బస్సు వెనక్కి తిప్పి, పాత పిండిమిల్లు రోడ్డుకు మళ్లి, కిటికీలోంచి చెయ్యూపి అందర్నీ తన వెంట రమ్మన్నాడు. తిట్టుకుంటూనే అందరూ వెళ్లారు. గంట కొట్టేసరికి పిల్లలంతా బడిలో ఉన్నారు.

"చూశావా? ఇవాళ ఒక్కడు కూడా పిలవలేదు," అన్నాడు స్టాన్ వేళ్లు నాకుతూ. "పని తెలిసినవాడు కూర్చుంటే ఇలాగే ఉంటుంది."

అప్పుడే బస్సులన్నీ హారన్లు మోగిస్తూ షెడ్డులోకి వచ్చిపడ్డాయి. ముందు కాన్‌చెటా గదిలోకి దూరింది.

"ఎంతిస్తున్నారీయనకి? ఇప్పుడే తేలాలి!"

వెనకాల అంబ్రోజ్, టోపీ చేత్తో పట్టుకుని. "ఏదయ్యా ఆ చక్రాల కుర్చీ? చూపించు, కూర్చుంటాను."

స్టాన్ డోనట్ల పెట్టెవైపు చూశాడు. గబుక్కున దాన్ని మీట మీదనుంచి లాగేశాడు.

"అయ్యో బాబాయ్, నిన్ను కాదు! ప్రూయిట్‌ని! ఒట్టు, ప్రూయిట్‌నే!"

గది చల్లబడాల్సింది. అంబ్రోజ్ మాత్రం టోపీ నేలకేసి కొట్టాడు.

"ప్రూయిట్‌నా! నన్నంటే పోన్లే అనుకునేవాణ్ణి, నెమ్మదిగా తోలే మాట నిజమే. మోకాలికి కుట్లు విప్పీ విప్పకముందే జట్టు కోసం దిగిన కుర్రాడు వాడు! వాణ్ణా అంటావు?"

"కుట్లుంటే ఇంట్లో పడుకోవాలి!" అంది కాన్‌చెటా. "ఆ ఒక్క విషయంలో స్టాన్ అన్నది నిజం."

"ఏంటి నిజం? నీకు ఆట తెలుసా?" అన్నాడు లూతర్.

జీతాల గొడవ గాలికి పోయింది. గది రెండుగా చీలి, బల్లలు గుద్దడం మొదలైంది. తన పక్షాన సగంమంది చేరేసరికి స్టాన్‌కి ప్రాణం లేచొచ్చింది. టై సర్దుకుని మళ్లీ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. మిసెస్ ఫైఫర్ గుమ్మంలో నిలబడి ఉన్న సంగతి చివరగా గమనించినవాడు అతనే.

"నా కారులోనూ వైర్‌లెస్ ఉంది స్టాన్. అంతా విన్నాను."

"మీరే చెప్పండి మేడమ్! ఇరవై నాలుగుని ఉంచాలా, తీసెయ్యాలా?"

"ఆ ఆట నాకు తెలీదు. వంతెన ఎంతసేపు ఆగిపోయిందో చెప్పు."

"ఏ వంతెన?" అన్నాడు స్టాన్.

ఇక ఆవిడ అడగాల్సింది ఏమీ మిగల్లేదు. పెద్ద డిస్పాచర్ కుర్చీ అంబ్రోజ్‌కి ఇచ్చింది. ఇరవై నాలుగో బస్సు తాళంచెవి స్టాన్ చేతిలో పెట్టింది.

"మేడమ్, ఆ బస్సు నాకెందుకు..."

"దాని లోపాలన్నీ నీకు కంఠతా వచ్చుగా," అందావిడ.

తర్వాతి ఆదివారం ప్రూయిట్ అద్భుతంగా ఆడి జట్టును గెలిపించాడు. అదంతా తను గడ్డిపెట్టబట్టేనని స్టాన్ ఆ మర్నాడు పొద్దున్నే, మంచులో కూరుకుపోయిన బస్సులో పిల్లలకు వివరించాడు.