గాజు మూత కింద పొగ

భార్య పోయాక పెద్దాయనకు తిండి మీద ధ్యాస పోయింది. కంచం ముందు కూర్చోవడం, రెండు ముద్దలు కతికి లేవడం. ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. చొక్కా భుజాల మీంచి జారుతుంటే కూతురు చూడలేకపోయింది. ఆ ఆదివారం పొద్దున్నే భర్తతో అంది: "ఆ కొత్త హోటల్‌కి అందరూ ఐదుకి ఐదు స్టార్లిచ్చారు. మధ్యాహ్నం నాన్నని తీసుకెళ్దాం. అక్కడైనా తింటారేమో."

అల్లుడు ఎవరెవరినో బతిమాలి టేబుల్ సంపాదించాడు.

మొదటి ప్లేటు బండి చక్రమంత ఉంది. మధ్యలో బఠాణీ గింజంత పచ్చటి ముద్ద.

"ఎవరో తినగా మిగిలిందా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"కాదు నాన్నా, వంటకమే అది."

రెండోది నురుగు. నోట్లో పెట్టుకోగానే మాయమైంది. "తిన్నానా?" అని అల్లుణ్ణి అడిగారు.

"తిన్నారు మామయ్యగారూ," అన్నాడతను, తనకే నమ్మకం లేకుండా.

మూడోది గాజు మూత కింద వచ్చింది. సర్వర్ మూత ఎత్తగానే గుప్పున పొగ! పెద్దాయన ఆలోచించలేదు. జగ్గెడు నీళ్లూ ప్లేటులో గుమ్మరించి, "అందరూ బయటికి! వంగి నడవండి!" అని అరిచారు.

హాలంతా లేచింది. ఆ గోల విని వంటవాళ్లు పొయ్యిలార్పి పరుగు తీశారు. వాళ్ల పరుగు చూసి, మంటలు వంటింట్లోనే అని జనం ఖాయం చేసుకున్నారు. ఎవరో ఫోన్ చేశారు. గంట మోగిస్తూ ఫైరింజన్ వచ్చేసింది.

ఆ పొగ వంటకానికి వాసన పట్టడం కోసం పెట్టిందేనని రోడ్డు మీద అల్లుడు మెల్లగా చెప్పాడు. పెద్దాయన తల దించేసుకున్నారు.

"మీ పరువు తీశానమ్మా. మీ అమ్మ ఉంటే నా చెయ్యి పట్టుకుని ఆపేది."

కూతురు దగ్గరికి జరిగింది. ఆయన చెయ్యి పట్టుకుంది.

ఇంజన్ దిగిన ఆఫీసరు హోటల్ వైపు రెండడుగులేసి ఆగిపోయాడు. "సార్, మీరా!" అని సెల్యూట్ కొట్టాడు. ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. సంగతంతా విన్నాడు కానీ నవ్వలేదు.

"పొగ కనిపిస్తే మేమూ అదే చేస్తాం సార్. భోజనాలకి కూర్చోబోతుంటే కాల్ వచ్చింది. క్యారియర్లు బండిలోనే ఉన్నాయి, రండి."

ఫైరింజన్ మెట్టు మీద కూర్చుని పెద్దాయన తిన్నారు. మారు పెట్టించుకున్నారు. "ఇంకాస్త కూర వెయ్యవయ్యా," అని ఆయన అడుగుతుంటే కూతురు పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది.

అంతలో హోటల్ వంటమాస్టరు ముఖం గంటు పెట్టుకుని వచ్చాడు. అల్లుడు క్షమాపణ చెప్పబోయాడు. మాస్టరు చూపు మాత్రం క్యారియర్ మీద ఉంది.

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదండీ," అన్నాడు గొంతు తగ్గించి. "నాకూ కొంచెం పెడతారా?"

ఆఫీసరు కొంచెమే పెట్టబోతే పెద్దాయన ఒప్పుకోలేదు.