ఒక్క ఫిర్యాదూ లేని మనిషి

మా అపార్ట్‌మెంట్లలో అసాంఘిక ప్రవర్తనను గుర్తించి ఫిర్యాదు చేసే కార్యక్రమం దిగ్విజయంగా సాగుతోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పోయిన నెల మొత్తం నూట ఇరవై ఇళ్లకు గాను నాలుగొందల పన్నెండు ఫిర్యాదులు వచ్చాయి. పక్కింటి కుక్క తనను చిన్నచూపు చూస్తోందని ఒకరు, పైఅంతస్తు వాళ్లు మరీ సంతోషంగా ఉన్నట్టు వినిపిస్తోందని ఇంకొకరు రాశారు. పౌరచైతన్యమంటే ఇదీ.

ఆ యాప్ తయారుచేసింది నేనే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆడపిల్ల అపార్ట్‌మెంట్లో ఉంటే, ఆమె ఆదివారాలు కమిటీ సొత్తు. ఫిర్యాదుల పట్టికలో ఖాళీగా ఉన్న గడి ఎర్రగా కనబడేట్టు రాశాను. సమాచారం చేరలేదేమో చూసుకోండి అని నా ఉద్దేశం.

సమావేశంలో పట్టికను తెరమీద వేశారు. నూట పంతొమ్మిది గళ్లు పచ్చగా ఉన్నాయి, ఒక్కటే ఎర్రగా ఉంది. అది మూడో అంతస్తులో ఆరేళ్లుగా అద్దెకుంటున్న వాచీల మెకానిక్‌ది. ఆయన మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డారు. "నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ కూడా రావట్లేదు! నిప్పుని ఎంత జాగ్రత్తగా దాచి ఉంటాడో ఆలోచించండి!"

సభ చప్పట్లు కొట్టింది.

"సార్, ఆ ఎరుపు నా కోడ్‌లో..." అన్నాను.

"నువ్వుండమ్మా. యంత్రం అబద్ధం చెప్పదు" అన్నారు, ఆ యంత్రానికి మాటలు నేర్పిన నాతోనే.

నెలాఖరులోగా సదరు వ్యక్తి మీద కనీసం ఒక్క ఫిర్యాదైనా రాకపోతే, అనుమానాస్పద మంచితనం కింద అద్దె ఒప్పందం పొడిగించరాదని తీర్మానించారు. ఆయన కూతురి పరీక్షలు ఆ మరుసటి వారమే. రంగు మార్చేద్దామని చూశాను. దానికి ఇంకో తీర్మానం కావాలట.

మర్నాడు మెట్ల దగ్గర ఆయన నన్ను పట్టుకున్నాడు.

"అమ్మా, ఆ ఒక్క ఫిర్యాదూ నువ్వే పెట్టేయకూడదూ?"

"యాప్ నడిపేవాళ్లు పెడితే చెల్లదు బాబాయ్. రూలు."

"ఎవరు పెట్టారమ్మా ఆ రూలు?"

"నేనే."

ఇక ఆయన చెడిపోవడానికి నడుం కట్టాడు. చెత్త సంచి మెట్ల మీద పెట్టాడు. తెల్లారేసరికి దానికి తోడుగా ఇంకో ఆరు చేరాయి. స్కూటర్ని గేటుకి అడ్డంగా నిలిపాడు. "ఇంకాస్త జరపండి సార్, సెక్రటరీ గారి కారు కూడా ఇక్కడే అడ్డం పెట్టాలి" అన్నాడు వాచ్‌మన్, మర్యాదగా. పాటలు గట్టిగా పెట్టాడు. కిందింటి డ్రిల్లింగు మోతలో అవి ఆయనకే వినపడలేదు.

"చెడ్డపేరు తెచ్చుకోవడం కూడా చేతకాదా మీకు?" అని భార్య తలబాదుకుంది. "అందరి మొగుళ్లకీ పుట్టుకతో వచ్చిన విద్యే కదండీ!"

గడువు చివరిరోజు సాయంత్రం ఆయన ఆశ వదిలేసుకున్నాడు. ఎలాగూ పోతున్నాం, చెప్పిపోదామని పక్కింటి బెల్లు కొట్టాడు. తలుపు సందులో ఒక కన్ను కనిపించింది.

"మీ అమ్మగారు ఆస్పత్రి నుంచి వచ్చారట కదా, ఎలా ఉన్నారండీ? ఏమన్నా కావాలంటే మొహమాటపడకండి."

తలుపు ధడాలున మూసుకుంది. ఆయన ఎదురింటికీ, ఆ పక్కింటికీ వెళ్లి అలాగే పలకరించాడు.

పది నిమిషాల్లో పదకొండు ఫిర్యాదులొచ్చాయి. 'పక్కింట్లోంచి ఎవరో కొత్త మనిషి వచ్చి క్షేమం అడుగుతున్నాడు.' 'ఏమీ అమ్మట్లేదు, మరి ఎందుకొచ్చినట్టు?' 'నవ్వాడు కూడా.'

గడి పచ్చబడింది. ఒప్పందం ఏడాది పొడిగించారు. "మొత్తానికి మీరూ మామూలు మనిషే, చాలా సంతోషం. ఇక ఆ పలకరింపులవీ కాస్త తగ్గించుకోండి" అని ప్రెసిడెంటు గారు స్వయంగా భుజం తట్టారు.

నిన్న ఆయన లిఫ్టులో కనబడితే, ఇల్లు నిలబడిందన్న ఆనందం పట్టలేక, "చెల్లి పరీక్షలు బాగా రాస్తోందా బాబాయ్?" అని అడిగాను. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా రెండో అంతస్తులోనే దిగిపోయాడు.

నేను ఇంటికి చేరేలోపే నా మీద ఫిర్యాదు నమోదైంది. 'లిఫ్టులో కుటుంబ విషయాల ఆరా.' తేదీ, సమయం, లిఫ్టు నంబరు అన్నీ పొల్లుపోకుండా రాశాడు.

ఎట్టకేలకు మనలో కలిశాడు.