దొరగారి గ్లాసు

ఆ రోజు గణేష్‌బాబు ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే జిన్నులో నిమ్మరసం కలపడం, మధ్యాహ్నం ఇంగ్లండు దొర చేతికి గ్లాసు అందించడం. భీమవరంలో భీమరాజు గారి రొయ్యల ప్లాంటుకి అతను మేనేజరు. రొయ్యలు కొనడానికి వచ్చే దొరకి పాతకాలపు జిన్ను కాక్‌టెయిల్సంటే పిచ్చని విని, రాజమండ్రి పాత పుస్తకాల కొట్లో డెబ్బై ఏళ్ల నాటి బారు పుస్తకం సంపాదించి, "నేను చూసుకుంటానండి" అనేశాడు. ఎందుకన్నాడో పాపం, బుద్ధెరిగాక మందు చుక్క ముట్టినవాడు కాదు.

"దొర మొహం చిట్లించాడంటే ఆర్డరు పోద్ది. దాంతోపాటే నువ్వూ పోతావు" అని భీమరాజు గారు ముందే చెప్పేశారు.

పుస్తకంలో రాసిన చేదు చుక్కల సీసా ఊళ్లో ఎక్కడా లేదు. భార్య వెంకటదుర్గ జ్వరాలకి కాచే నేలవేము కషాయం నాలుగు చుక్కలు వేశాడు. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాడు. మందు తెలిసినవారి చేత రుచి చూపించి, ఆపైన అతిథికి ఇవ్వాలట.

డ్రైవరు బుల్లబ్బాయికి కబురు పెట్టాడు. వాసనతోనే బ్రాండు చెప్పగల ఘనుడు. నల్ల పంచె, మెడలో అయ్యప్ప మాలతో వచ్చాడు.

"ఇవాళ తెల్లారగట్లే మాల వేసుకున్నాను స్వామీ. నలభై ఒక్క రోజులు నన్నడక్కండి" అంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. క్యాషియరు తాతాజీ మాలలో ఉన్నాడు. వాచ్‌మన్ అప్పాజీ మాలలో ఉన్నాడు. కార్తీక మాసం మొదలని ఊళ్లో తాగడం తెలిసిన ప్రతివాడూ ఆ పొద్దున్నే మాల వేసేసుకున్నాడు. నిమ్మకాయల గొడవలో పడి గణేష్‌బాబు ఆ సంగతే మర్చిపోయాడు.

దొర వచ్చే వేళయింది. గత్యంతరం లేక తనే చెంచాడు తాగాడు. చేదు. పంచదార వేసి మళ్లీ చూశాడు. మరీ తీపి. నిమ్మరసం పిండి చూశాడు, పులుపు. జిన్ను పోసి చూశాడు. ఏది సరైన రుచో తెలిస్తే కదా ఆపడానికి! కాసేపటికి చెంచా ఎక్కడో పోయింది, గ్లాసుతోనే చూడసాగాడు.

గెస్ట్‌హౌసు ముందు కారు ఆగింది. ముందు దొర దిగాడు, నుదుట విభూతితో. వెనకాలే నల్లబట్టల్లో భీమరాజు గారు.

ప్లాంటంతా చూసేసి వచ్చారట. రోజుకి రెండుసార్లు తలస్నానం చేసే ఇంత శుభ్రమైన పనివాళ్లని ఎక్కడా చూడలేదని దొర అక్కడికక్కడే ఆర్డరు ఇచ్చేశాడట. అంతే కాదు, ఇంత నిష్ఠగా ఉన్నవాళ్ల మధ్య తనూ చుక్క ముట్టనన్నాడట. మా దగ్గర అందరూ ఇంతేనని భీమరాజు గారు దారి పొడుగునా చెప్పుకొచ్చారు.

గణేష్‌బాబు తూలుతూ వచ్చి దొర భుజం మీద చెయ్యేశాడు. "పులుపు సరిపోయిందో లేదో మీరైనా చెప్పండి బాబూ!"

దొర ముక్కు ఎగబీల్చి, ఈయనెవరని అడిగాడు. భీమరాజు గారి మొహం కందగడ్డయింది. నోటిదాకా వచ్చిన మాటని మింగి, మాల పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"మా మేనేజరేనండి" అని దొరకి చెప్పి, ఇటు తిరిగారు. "దీక్షలో ఉన్నాను. అబద్ధం ఆడకూడదు, తిట్టకూడదు. రేపు నాలుగింటికి చన్నీళ్ల స్నానం చేసి గుడికి రా, స్వామీ."

మర్నాడు గణేష్‌బాబు మెడలో కూడా మాల పడింది. బారు పుస్తకం మాత్రం భీమరాజు గారి బీరువాలో భద్రంగా ఉంది. బీరువా పక్కన గోడ కేలండర్లో నలభై రెండో రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.