పదకొండుమంది మొదటి బిడ్డలు

విరంబూల్ జిల్లాలో మనిషి విలువను అతని ముత్తాత ఓడ దిగిన తేదీ నిర్ణయిస్తుంది. ఇది చట్టం కాదు. చట్టమైతే ఎవరో ఒకరు కోర్టుకెక్కి ఈపాటికి కొట్టేయించేవారు. విరంబూల్ జిల్లా తొలి నివాసుల వంశచరిత్ర సంఘం నియమావళిలో ఇది రెండో నిబంధన. మొదటి నిబంధన టీ ఎన్ని గంటలకో చెబుతుంది.

ఈ నిబంధన ప్రకారం జిల్లాలో మూడు జాతుల మనుషులున్నారు. 1841కీ 1850కీ మధ్య మా అఖాతంలో ఓడ దిగినవారి సంతానం తొలి నివాసులు. ఆ తర్వాత బంగారం పడిందని పరిగెత్తుకొచ్చినవారి సంతానం వచ్చినవాళ్ళు. మిగతా అందరూ కొత్తవాళ్ళు. నేను ఇక్కడి బడికి మాస్టారుగా వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళే అయింది కాబట్టి కొత్తవాణ్ణి. నా భార్యను ఈ ఊరి శ్మశానంలోనే పూడ్చుకున్నాను. ఆ కారణంగా నన్ను 'కొంచెం పాత కొత్తవాడు'గా గుర్తించాలని ఒక ప్రతిపాదన వచ్చింది గాని, ఆ రోజు గొర్రెల సంత ఉండి సభ్యులు చాలినంతమంది రాలేదు. అయినా పదహారేళ్ళుగా సంఘానికి కార్యదర్శిని నేనే. కార్యదర్శికి మినిట్స్ పుస్తకం ఉంటుంది, ఓటు ఉండదు.

జిల్లాకు నూట యాభై ఏళ్ళు నిండుతున్న సందర్భంగా అఖాతం ఒడ్డున రాతిగోడ కట్టి దానిమీద తొలి నివాసుల పేర్లు చెక్కించాలని సంఘం నిర్ణయించింది. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, 'ఈ జిల్లాలో పుట్టిన మొదటి తెల్లబిడ్డ' పేరు. ఇందుకోసం పరిశోధన జరిగింది. పరిశోధనలో తేలిందేమంటే, ఈ జిల్లాలో మొట్టమొదట పుట్టిన బిడ్డలు పదకొండుమంది.

పదకొండు కుటుంబాలకూ తలా ఒక వంశచరిత్ర పుస్తకముంది. తోలు అట్ట, లోపల వంశవృక్షం, బహుమతి గెలిచిన పొట్టేలు ఫొటో. పుస్తకం తప్పంటే చూపించడానికి ఇంట్లో పెద్ద బైబిలుంది. దాని మొదటి పేజీలో పుట్టిన తేదీ ఉంటుంది. ఆ తేదీ సిరా మిగతా పేజీ సిరా కన్నా ఓ వందేళ్ళు చిన్నది.

"మా ముత్తాత నలభై రెండు జనవరిలో పుట్టాడు. బైబిల్లో ఉంది, చూసుకోండి," అన్నారు మావిస్ డన్‌కోమ్ గారు. ఆవిడ సంఘానికి ఉపాధ్యక్షురాలు.

"మీ ఓడ దిగింది మార్చిలో కదమ్మా?" అన్నాడు అధ్యక్షుడు క్లైవ్ ట్రెలోర్. నాలుగు వేల గొర్రెల ఆసామి.

"ఓడవాళ్ళు తేదీ తప్పు రాసుంటారు. బైబిల్లో తప్పెందుకుంటుంది?"

"అంటే, మీవాడు అమ్మానాన్నలకన్నా రెణ్ణెల్లు ముందే పుట్టేసి, వాళ్ళెప్పుడొస్తారా అని ఒడ్డున కూచున్నాడంటావు."

"మా ఇంట్లో అందరం ముందే ఉంటాం క్లైవ్. మీవాళ్ళలాగా పిలిస్తేగాని లేవని రకం కాదు."

తగువు తీర్చడానికి ఉపసంఘం వేశారు. కప్పు కింద పుట్టిన మొదటి బిడ్డ, బండి కింద పుట్టిన మొదటి బిడ్డ, వాగుకు ఉత్తరాన మొదటి బిడ్డ అని విడివిడిగా బిరుదులు ఇవ్వాలని ఉపసంఘం సిఫారసు చేసింది. గోనెపట్టా కప్పు అవుతుందా అన్న చోట మూడు సమావేశాలు నలిగాయి. నాలుగో సమావేశంలో ట్రెలోర్ల కోడలు కాల్చి తెచ్చిన స్కోన్ రొట్టెలను డన్‌కోమ్‌లు ఎవరూ ముట్టుకోలేదు. ఉపసంఘం రద్దయింది.

ఓటు లేనివాడికి చదువుకునే తీరిక ఉంటుంది. పదకొండు పుస్తకాలూ చదివాను. మూడో పేజీకి అటూ ఇటూగా అన్నీ ఒకే మాట చెబుతాయి. మావాళ్ళు దిగేసరికి ఇక్కడ నరమానవుడు లేడు. పన్నెండో పేజీకల్లా ఇంటావిడకు నొప్పులొస్తాయి. అప్పుడు నరమానవుడు లేని ఆ అడవిలోంచి ఒక నల్ల ఆడమనిషి నడిచొచ్చి, పురుడు పోసి, బిడ్డకు నీళ్ళు పోసి, తల్లి పక్కన పడుకోబెట్టి వెళ్ళిపోతుంది. (పద్నాలుగో పేజీలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికి తెచ్చేదీ ఆ లేని మనుషులే. పదిహేడో పేజీలో పిండిబస్తా మాయమైతే అనుమానం కూడా వాళ్ళమీదే.)

ఆమెను ట్రెలోర్ల పుస్తకం మేరీ అంది. డన్‌కోమ్‌లది బిడ్డీ అంది. తక్కినవి నెల్లీ, క్వీనీ, జూడీ, ఇలా. పదకొండు పుస్తకాల్లో పదకొండు పేర్లు. నీ పేరేంటమ్మా అని అడిగే ఓపిక ఎవరికీ లేక, ఎవరి నోటికి ఏది తిరిగితే అది పెట్టుకున్నారు. అయితే పదకొండింటిలోనూ ఆమె ఎడమ కాలు కుంటుతూ వస్తుంది. పదకొండింటిలోనూ ఓడవాళ్ళ నీలం కోటు వేసుకుని ఉంటుంది. ఇత్తడి గుండీల కోటు, పైనుంచి రెండో గుండీ ఉండదు.

ఇలా ఉండగా లెటీ కార్బిన్ గారు దరఖాస్తు పట్టుకొచ్చారు. వాగు మలుపు దగ్గర, ఇక్కడి నల్లవాళ్ళ కోసం ఒకప్పుడు పాదిరీలు కట్టించిన పాత మిషన్ ఇళ్ళలో ఉంటారావిడ. ఊళ్ళో తెల్లా నల్లా అందరూ ఆవిణ్ణి లెటీ అత్త అంటారు (అనడానికి ఖర్చేమీ లేదు కాబట్టి). ఫారం నీలం సిరాతో, బడిపిల్లంత శ్రద్ధగా నింపారు. పూర్వీకురాలి పేరు: మిర్లా. బంధుత్వం: మా అమ్మమ్మ వాళ్ళ అమ్మ. వృత్తి: మంత్రసాని. నాలుగో గడి, ఏ ఓడలో వచ్చారు: రాలేదు.

"అత్తా, ఈ నాలుగో గడి..."

"ఏం మాస్టారూ, తప్పు రాశానా?"

"ఓడ పేరుండాలి. దిగిన తేదీ ఉండాలి."

"ఓడలో రావడమేంటయ్యా? ఓడొస్తుంటే చూడ్డానికొచ్చింది. పోనీ అది రాయనా?"

"అలా రాస్తే కమిటీ తీసుకోదత్తా."

"ఆ కమిటీలో కూచున్నోళ్ళ తాతముత్తాతలకి బొడ్డు కోసింది ఆమె. అప్పుడు ఏ గడీ అడ్డం రాలేదే!" అని ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. "చూడు మాస్టారూ. నేనడిగేది ఒక్క వరస. మిర్లా, మంత్రసాని. అంతకన్నా ఒక్క అక్షరం వద్దు. నాకు డెబ్బై తొమ్మిది. నేనుండగా ఆ పేరు ఆ రాయిమీద చూసుకోవాలి. మా అమ్మమ్మ పోయేముందు చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది నాతో."

కమిటీ జవాబు మూడు వారాల్లో వెళ్ళింది. 'దరఖాస్తుదారు పూర్వీకురాలు జిల్లాకు ఎవరూ రాకముందే జిల్లాలో ఉన్నట్టు తెలుస్తున్నందున, ఆమె జిల్లాకు వచ్చినట్టు ఆధారం లేదు. వచ్చినట్టు ఆధారం దొరికిన పక్షంలో మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు.' ఆ ఉత్తరం రాసింది నేనే. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే స్టాంపు అంటించాను.

ఆ సిగ్గు కొంత దించుకుందామని తర్వాతి సమావేశంలో ఒక మాట చెప్పాను. లెటీ అత్తకు పురుళ్ళన్నీ వరసగా తెలుసు, ఏ ఇంట్లో ఏ బిడ్డ ముందో ఏది వెనకో మిర్లా తన కూతురికి చెప్పిందట, ఆ కూతురు ఈవిడకు చెప్పిందట అని. సాయంత్రానికి క్లైవ్ పళ్ళ కేకు పట్టుకుని మిషన్ ఇళ్ళకు వెళ్ళాడు. మర్నాడు మావిస్ గారు అంతకన్నా పెద్ద కేకు తీసుకెళ్ళారు. వారం తిరిగేలోగా ఆ ఇంటికి పదకొండు కేకులు చేరాయి. ఆ మట్టిరోడ్డు మీద పోలీసులవి కాని కార్లు అన్నేసి కనబడేసరికి అక్కడి పిల్లలు ఎవరో పోయారనుకున్నారట.

లెటీ అత్తను సర్వసభ్య సమావేశానికి 'ప్రత్యేక సాక్షి' హోదాలో పిలిచారు. (ప్రత్యేక సాక్షికి టీ ఉంటుంది, కేకు ఉండదు.) ఆవిడ మంచి టోపీ పెట్టుకుని వచ్చి, నిలబడే మాట్లాడారు.

"మొదట పుట్టింది మీ ఎవరి బిడ్డా కాదు. ట్రెలోర్ల దగ్గర గొర్రెలు కాసేవాడొకడు ఉండేవాడు. వాడి పెళ్ళానికి ఆడపిల్ల. తిమింగలాలు పిల్లల్నేసుకుని వెనక్కి మళ్ళే రోజులవి. నాలుగో నాడే పోయింది పిల్ల. తల్లి మంచం మీంచి లేవలేకపోతే మిర్లాయే తీసుకెళ్ళి పూడ్చింది. ఆ మొగుడూ పెళ్ళామూ మళ్ళీ ఎటు పోయారో ఎవరికీ తెలీదు. మీ పదకొండుమందీ ఆ తర్వాతే. వరస చెప్తా, రాసుకోండి."

ఎవరూ రాసుకోలేదు. ఎవరి చెంచాలు వాళ్ళు చూసుకున్నారు.

"అత్తా, ఇదంతా నోటిమాట," అన్నాడు క్లైవ్, చాలా మర్యాదగా. "కాగితం ఏదన్నా ఉంటే..."

"మీ పుస్తకాలు కాగితం కాదా? నీలం కోటు ఉందా లేదా అందులో? కుంటికాలు ఉందా లేదా?"

"ఉందనుకోండి."

"మరి ఆ కాలు ఎలా కుంటిదయిందో రాసుకోలేదేం? నీళ్ళకెళ్ళిన ఆడాళ్ళ మీద మీ ముత్తాత తుపాకీ పేల్చాడు. ఏడాది తిరక్కుండా అతని పెళ్ళానికే నొప్పులొస్తే ఎవరొచ్చారు? ఈవిడే వచ్చింది. ఆ కాలే ఈడ్చుకుంటూ వచ్చింది."

"తొమ్మిదో పేజీలో స్పష్టంగా ఉందత్తా. ఆయన గాలిలోకి పేల్చాడు."

"అయితే గాలి కదయ్యా కుంటాలి!"

ఇది మినిట్స్‌లో రాశాను. కొట్టేయమని ఆదేశమైంది. చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత కొట్టాను.

ప్రత్యేక సాక్షికి ధన్యవాదాలు చెప్పి బయటికి పంపాక తలుపులు వేశారు. నాలుగు నెలలుగా క్లైవ్‌తో మాట్లాడని మావిస్ గారు కుర్చీ జరుపుకుని అతని పక్కకొచ్చారు.

"క్లైవ్, ఆ మంత్రసాని ఒక్కతే అయితే మనందరం మునిగినట్టే. లెటీ చెప్పిన వరస ఒప్పుకోవాలి. గోడ మీద పైన గొర్రెలకాపరి కూతురు, కింద మనం."

"ఒక్కతే ఎందుకవుతుంది?" అన్నాడు క్లైవ్. "పదకొండు పేర్లున్నాయి. ఒక్క మనిషికి పదకొండు పేర్లు ఎవరన్నా పెడతారా?" (పెట్టిన పదకొండు కుటుంబాలూ ఆ గదిలోనే ఉన్నాయి.)

"అదీ మాట! పదకొండుమంది మంత్రసానులైతే ఒకరి వరసతో ఇంకొకరికి పనిలేదు. ఎవరి బిడ్డ వాళ్ళకి మొదటిదే."

ఓటు లేకపోయినా నోరుంది కదా అని అడిగాను. "మరి కోటో?"

"మంత్రసానుల యూనిఫాం అయ్యుంటుంది మాస్టారూ," అన్నాడు క్లైవ్.

"పదకొండు కోట్లకీ రెండో గుండీ లేదండీ."

"నాసిరకం కుట్టు."

"పదకొండుమందీ ఎడమ కాలే కుంటారు."

"రాళ్ళనేల మాస్టారూ ఇది. మీరు కొత్త కదా, మీకు తెలీదు."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. దాంతో జిల్లాలో మొదటి తెల్లబిడ్డలు పదకొండుమందీ మొదటివాళ్ళయ్యారు. అందరి పేర్లూ గోడ మీద పైవరసలో ఒకే ఎత్తున చెక్కాలని తీర్మానించారు. ఎత్తులో తేడా రాకుండా చూడ్డానికి కొలబద్దతో ఒక మనిషిని పెట్టారు. ఇంత సామరస్యం కుదిరిన సంతోషంలో సంఘం గుండె కూడా విశాలమై, గోడ చివర, నేలకు దగ్గరగా, 'సహాయపడిన స్థానిక స్త్రీలు' అని ఒక చిన్న రాయి వేయించింది. పదకొండు పేర్లూ చెక్కారు. మేరీ, బిడ్డీ, నెల్లీ, క్వీనీ, జూడీ, వరసగా. మిర్లా అన్న పేరు ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి చెక్కలేదు.

ఆవిష్కరణ రోజు బ్యాండు వాయించారు. పదకొండు కుటుంబాలు పదకొండు రిబ్బన్లు కోశాయి. జనం టీ గుడారం వైపు మళ్ళాక లెటీ అత్త ఆ చివరి రాయి దగ్గరకొచ్చి, నా భుజం పట్టుకుని కిందికి వంగి, ఒక్కో పేరూ వేలితో తడిమారు. వాళ్ళ అమ్మమ్మకిచ్చిన మాట ఆ వేలికింద ఎక్కడా తగల్లేదు.

"పదకొండుసార్లు ఉంది మాస్టారూ," అన్నారు. "ఒక్కసారి కూడా లేదు."

ముప్పై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, చెయ్యి ఆసరా ఇచ్చి ఆవిణ్ణి పైకి లేపాను.

అంతలో క్లైవ్ చేతిలో టీ కప్పుతో వచ్చాడు. "ఏం అత్తా, సంతోషమేనా? మీరు ఒక్కరినడిగితే మేం పదకొండుమందిని వేశాం! వీళ్ళలో మీ ముత్తవ్వ ఎవరో చెప్తే మీకు సర్టిఫికెట్ కూడా ఇచ్చేస్తాం. ఒక్కరినే ఎంచుకోవాలనుకోండి."

"నీ కేకు పళ్ళెం మా ఇంట్లోనే ఉంది," అన్నారు లెటీ అత్త. "ఎవర్నన్నా పంపి తెప్పించుకో." టోపీ సర్దుకుని మట్టిరోడ్డు వైపు నడిచారు.

ఇక నాకు మిగిలింది ఒక్క పని. సంఘం అచ్చువేసే నూట యాభై ఏళ్ళ ఉత్సవ సంచిక చివర జిల్లా జనాభా పట్టిక ఉంటుంది. తెల్లవారి గడులు వాళ్ళ వంశవృక్షాల్లాగే పెరుగుతూ పోతాయి. స్థానికుల గడులకు ఆధారం, ఏటా ప్రభుత్వం వాళ్ళకు దుప్పట్లు పంచిన జాబితాలు. 1841లో రెండు వందల పన్నెండుమంది. 1844లో తొంభై ఆరు. 1847లో ముప్పై ఒకటి. 1850లో తొమ్మిది. ఆ తొమ్మిదిమందిలో, నీలం కోటుంది కాబట్టి దుప్పటి వద్దన్న కుంటి ఆడమనిషి ఒకతె ఉంది. సంఘం తీర్మానం ప్రకారం ఆమె ఒకతె కాదు, పదకొండుమంది. పట్టికను తీర్మానానికి అనుగుణంగా సవరించమని అధ్యక్షుడి ఆదేశం. తొమ్మిది కొట్టేసి పంతొమ్మిది వేశాను. ఓడలు దిగినప్పటినుంచి ఈ జిల్లాలో ఆ మనుషుల సంఖ్య పెరగడం ఇదొక్కసారే.